మగ్గానికి ఎడమ పక్క

ఏలూరులో తివాచీలు నేస్తారన్న సంగతి ఏలూరు వాళ్ళలోనే సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా "ఇంకా నేస్తున్నారా అండీ?" అని ఆశ్చర్యపోతారు. నేస్తున్నారు. తంగెళ్ళమూడి వైపు సందుల్లోకి వెళ్ళి, ఇనప పంజాతో ఉన్ని వరసని కిందికి కొడుతున్న చప్పుడు ఎటు వినపడితే అటు నాలుగడుగులు వేస్తే చాలు, మగ్గం కనిపిస్తుంది. ఆ మగ్గం ఎవరిదని అడిగితే ఇంటి మగవాడి పేరు చెబుతారు. మగ్గం మీద కూర్చుని నేస్తున్న ఆడమనిషిని అడిగినా సరే, తల తిప్పకుండా "ఆయనదండీ" అంటుంది. ఈ మాట ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మనకి తర్వాత దీనితో పనుంది.

తహసీన్ ఆ సందుల్లో పుట్టి పెరిగిన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త కైకలూరులో చేపల లారీలకి ఐసు తయారుచేసే ప్లాంటులో మెకానిక్కు. తెల్లవారకముందే బండేసుకుని వెళ్ళిపోతాడు. తహసీన్ ఏడున్నర పాసింజరుకి తాడేపల్లిగూడెం వెళ్తుంది. ఆవిడ ఉద్యోగమేమిటని సందులో ఎవరినడిగినా "కంప్యూటర్లో ఏదో రాస్తుందండీ, బాగానే రాస్తుందంట" అంటారు తప్ప అంతకు మించి చెప్పలేరు. వాళ్ళని అని లాభం లేదు. పదేళ్ళ పాటు ఆవిడ భర్తకీ అంతే తెలుసు.

నేత ఆమెకి అబ్బలేదు. చిన్నప్పుడు మగ్గం కింద ఉన్ని తునకల్లో ఆడుకున్నదే గాని, పీట మీద కూర్చోబెడితే పది ముళ్ళకి ఒకటి జారవిడిచేది. తండ్రి షంషుద్దీన్ కోప్పడే మనిషి కాదు. గళ్ళ కాగితం మీద తాను గీసుకున్న నమూనా చేతికిచ్చి, "ఇందులో తప్పెక్కడుందో చూడు" అనేవాడు. చూసేది. మూడు వందల గళ్ళలో ఒక్క గడికి రంగు తప్పు పడినా వేలు పెట్టి చూపించేది. "నీ చెయ్యి దీనికి పనికిరాదు గాని, నీ కన్ను మాత్రం పనికొస్తుంది" అన్నాడాయన. ఆ కన్నే ఆమెని వట్లూరులో డిగ్రీ చదివించింది, తాడేపల్లిగూడెంలో బెంజమిన్ గారి ఆఫీసుకి చేర్చింది.

బెంజమిన్ గారు ఒకప్పుడు మిషన్ స్కూల్లో కంప్యూటరు పాఠాలు చెప్పిన మనిషి. రిటైరయ్యాక స్టేషన్ దగ్గర సైకిల్ షాపు పైన రెండు గదులు తీసుకుని ఊళ్ళో కొట్లకీ, ఆయిల్ పామ్ నర్సరీలకీ, చేపపిల్లల హేచరీలకీ వెబ్‌సైట్లు చేసి పెడుతున్నారు. తహసీన్‌కి ఆయన నేర్పిన పని పేరు జేసన్ ఎల్‌డీ. పేరు చూసి బెదిరిపోనక్కర్లేదు. వెబ్‌సైట్‌లో మనం చూసేది పేజీకి ముఖం: ఫొటోలు, రంగులు, ఫోన్ నెంబరు. మనుషులు చదువుకుంటారు. మెషీన్‌కి మాత్రం ఆ అక్షరాల్లో ఏది మనిషి పేరో, ఏది ఊరి పేరో తెలియదు. అందుకని పేజీ వెనకాల, మన కంటికి కనపడకుండా, మీసాల బ్రాకెట్లలో ఒక చిన్న చీటీ రాస్తారు. ఇది కొట్టు, దీని పేరు ఇది, ఊరు ఇది, యజమాని ఫలానా. నాలుగైదు లైన్లు, అంతే. ఆ చీటీ గొప్పదనం ఎక్కడుందంటే, అందులో ఉత్త పేరు రాసి ఊరుకోరు. ప్రతి మనిషికీ ప్రతి వస్తువుకీ వెబ్‌లో ఒక చిరునామా ఇచ్చి, పేరు పక్కన ఆ చిరునామా తగిలిస్తారు. అలా ఏ దేశంలోనో ఉన్న చీటీ మన ఊరి చీటీ చెయ్యి పట్టుకుంటుంది.

మొదటి రోజు బెంజమిన్ గారు ఇదంతా వివరించి, "పేజీ వెనక రాసేదమ్మా, ఎవరికీ కనపడదు, మెచ్చుకునేవాళ్ళుండరు, ఫరవాలేదా?" అని అడిగారు.

"మాకది కొత్తేం కాదండీ," అంది తహసీన్. "తివాచీ కొనేవాళ్ళు ముందు వైపు చూసుకుంటారు. నేసేవాళ్ళు తిరగేసి చూస్తారు."

బెంజమిన్ గారు ఆ మాట ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతారు.

ఆవిడ పనితనం తెలియాలంటే దెందులూరు ప్రసాదరావుల సంగతి చెప్పాలి. హైవే పక్కన ఒక ప్రసాదరావు ట్రాక్టరు స్పేర్లు అమ్ముతాడు, కిలోమీటరు అవతల ఇంకో ప్రసాదరావు చేపల మేత అమ్ముతాడు. ఫోన్లో మ్యాపు నమ్ముకుని పెదవేగి నుంచి వచ్చిన ట్రాక్టరు డ్రైవర్లందరూ మేత కొట్టు ముందు దిగేవారు. మేత ప్రసాదరావు విసిగిపోయి "ఇచ్చట బోల్టులు దొరకవు" అని బోర్డు పెట్టించాడు. తహసీన్ ఇద్దరికీ రెండు చిరునామాలిచ్చి, ఎవరి కొట్టుని వాళ్ళకి కట్టి, వెనకాల చీటీలు రాసింది. మూడు వారాలకి బోర్డు తీసేశారు. మేత ప్రసాదరావు రెండు కొల్లేటి కొరమేనులు పట్టుకుని స్వయంగా ఆఫీసుకొచ్చి, "ఏం చేశారో తెలీదు గాని అమ్మా, ప్రాణం హాయిగా ఉందండీ" అని వెళ్ళాడు.

ఊళ్ళో అందరికీ చీటీలు రాసిన మనిషి తన ఇంటికి మాత్రం రాసుకోలేదు. నిరుడు వానలు మొదలయ్యాక అన్న ఫారూఖ్ అడిగాడు. తండ్రి పోయాక తివాచీల వ్యాపారం అతనే చూస్తున్నాడు. కొట్టు మీద "షంషుద్దీన్ అండ్ సన్" అని బోర్డు. "అందరికీ చేస్తావు, మనకో వెబ్‌సైట్ చేసిపెట్టవే" అన్నాడు. సరే, మొదలుపెట్టే ముందు ఏలూరు తివాచీల గురించి లోకం ఏమనుకుంటోందో చూద్దామని వెతికింది. వెతుకుతుంటే ఐరోపాలో ఒక మ్యూజియం వాళ్ళ పేజీ తగిలింది.

ఎర్ర నేల మీద నీలం తివాచీ ఫొటో. కింద నాలుగు లైన్లు. "దక్షిణ భారతదేశం, ఏలూరు, 1985 ప్రాంతం. అంచులో బాతుల వరస. నేసినవారు: తెలియదు. స్థితి: మధ్యలో నిలువునా లేత గీత, నేతలో లోపం."

"బాతులా!" అని తహసీన్ గట్టిగా అనేసింది. పక్క గదిలోంచి బెంజమిన్ గారు ఏమైందమ్మా అంటూ వచ్చారు.

"బాతులంట అండీ! ముక్కు కింద సంచీ కనపడట్లేదూ? గూడబాతులివి. మా అబ్బా ఆటపాకలో చూసొచ్చి వేసినవి. ఇది మా ఇంటి తివాచీ అండీ."

ఎలా చెప్పగలిగిందంటే, షంషుద్దీన్ ఒక్కసారే మగ్గానికి సెలవు పెట్టి బయటికెళ్ళాడు. ఆటపాకకి. కొల్లేట్లో చెట్ల మీద గూళ్ళు కట్టుకున్న ఆ పెద్ద పక్షుల్ని చూసి, మతిపోయి వచ్చి, తాతల నాటి పువ్వుల అంచు తీసేసి పక్షుల్ని నేశాడు. ఆ కథ ఇంట్లో వందసార్లు చెప్పుకున్నదే. తివాచీ మాత్రం పిల్లలెవరూ చూడలేదు. అది నేసేటప్పుడు ఫారూఖ్ మగ్గం దూలానికి కట్టిన ఉయ్యాలలో ఉన్నాడు, తహసీన్ ఇంకా పుట్టలేదు.

ఆ సాయంత్రం పుట్టింటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి తండ్రి నమూనాల పుస్తకం తీసింది. గళ్ళ కాగితం పసుపు పచ్చబడింది గాని, పక్షులు పక్షుల్లాగే ఉన్నాయి. కింద మూలన "షంషుద్దీన్, ఏలూరు, 1985" అని ఉంది. వంటింట్లో చింతచిగురు బాగుచేసుకుంటున్న తల్లి సకీనాని అడిగింది.

"అమ్మీ, ఆటపాక పక్షుల తివాచీ ఎవరిది?"

"మీ అబ్బాదే. ఇంకెవరిది?" అంది సకీనా, తలెత్తకుండా.

ఇంకేం కావాలి? సాక్ష్యం కాగితం మీదుంది, మాట తల్లి నోట వచ్చింది. తహసీన్ కాగితాన్ని ఫొటో తీసి, బాతులు కావని నాలుగు ముక్కలు గట్టిగానే రాసి, మ్యూజియానికి మెయిలు పెట్టింది. నాలుగు రోజులకి అక్కడి రికార్డులు చూసే ఆవిడ జవాబిచ్చింది. ఎంతో మర్యాదగా రాసింది. నేతగాడికి మీరొక స్థిరమైన పేజీ పెట్టి దాని వెనక రికార్డు రాయండి, మా రికార్డులో ఆ చిరునామా తగిలిస్తాం అంది. వచ్చే నెలలో ఈ తివాచీని ప్రదర్శనకి పెడుతున్నామనీ, నెలాఖరుకి కేటలాగు మూసేస్తామనీ, మార్పులేవైనా ఈలోగానే చెప్పమనీ కూడా రాసింది.

తహసీన్ జీవితంలో అంత ఇష్టంగా రాసిన చీటీ ఇంకోటి లేదు. రకం: మనిషి. పేరు: షంషుద్దీన్. ఊరు: ఏలూరు. వృత్తి: తివాచీల నేత. తివాచీ చీటీలో సృష్టికర్త అన్నచోట ఆయన చిరునామా పెట్టింది. మీసాల బ్రాకెట్టు మూసి, కామాలు సరిచూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని మెషీను పచ్చ టిక్కు చూపించేసరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. వారం తిరక్కుండా మ్యూజియం పేజీలో "తెలియదు" అన్న మాట పోయి ఆ స్థానంలో తండ్రి పేరు వచ్చింది. బాతులు కూడా గూడబాతులయ్యాయి.

ఫారూఖ్ సంబరం అంతా ఇంతా కాదు. స్వీట్లు పంచాడు. సందంతా వాళ్ళింటికే వచ్చింది. లాప్‌టాప్‌ని టీవీకి కలిపి ఆ పేజీ చూపిస్తుంటే, ముసలి నేతగాళ్ళు టీవీ దగ్గరికెళ్ళి ముళ్ళు లెక్కపెట్టారు. "షంషుద్దీన్ చెయ్యే అది" అన్నారు. సకీనా అందరికీ టీ ఇచ్చి, చివరికి తనూ వచ్చి మంచం అంచున కూర్చుని చూసింది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆవిడకి దూరంవి బాగా కనపడుతున్నాయి. చాలాసేపు చూసింది. ఆయన గుర్తొచ్చాడు కాబోలని అందరూ అనుకున్నారు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఎవరికో చెబుతున్నట్టుగా అంది.

"ఆ గీత ఇంకా పోలేదే."

"ఏ గీత, అమ్మీ?"

"మధ్యలో గీత. నలభై ఏళ్ళు తొక్కితే అణిగిపోతుందన్నారు మీ అబ్బా. వాళ్ళు తొక్కినట్టు లేరు."

తహసీన్ చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. సకీనా మెల్లగా చెప్పింది. ఆవిడ పుట్టిల్లు తాడేపల్లిగూడెం, గాజుల వ్యాపారం. నేత తెలియదు. పెళ్ళయ్యాక నేర్చుకుంది. పెద్ద తివాచీ మీద కూర్చోవడం అదే మొదలు. మగ్గానికి కుడి పక్క ఆయన, ఎడమ పక్క తను. ఆవిడది ఎడం చేతి వాటం. ఆయన ముడి చుట్టి ఒక వైపుకి లాగితే, ఈవిడ ముడి రెండో వైపుకి వాలేది. మఖ్మల్ గుడ్డని ఒక పక్కకి నిమిరితే ముదురుగా, రెండో పక్కకి నిమిరితే లేతగా కనపడదూ, అలాగే తివాచీ సగం ముదురు, సగం లేత. ఇద్దరి పనీ కలిసిన చోట నిలువునా గీత. మగ్గం మీద ఉన్నప్పుడు కనపడలేదు. కోసి వెలుగులో పరిచాక కనపడింది.

"తివాచీలు కొనే షావుకారు చూసి, ఇది లోపం అని కాలితో నెట్టేశాడు. మీ అబ్బా నన్ను పల్లెత్తు మాటనలేదు. ఏలూరు చూడ్డానికొచ్చిన ఒక దొర దాన్ని కొనుక్కుని తీసుకెళ్ళాడు. నేను మాత్రం ఆ రోజే కుడి చేత్తో మొదలుపెట్టాను. ఆరు నెలలు పట్టింది. వేళ్ళు తెగేవి. అయినా నేర్చుకున్నాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు నేశాను, ఎక్కడా గీత పడలేదు, తెలుసా?"

చివరి మాటలో కాస్త గర్వం ఉంది. ఆ గర్వం వినే తహసీన్‌కి అసలు సంగతి తట్టింది. ముప్పై ఏళ్ళ తివాచీల్లో ఎక్కడా తల్లి చెయ్యి కనపడదు. కనపడకుండా ఉండటమే ఆవిడ సాధించిన విద్య. ఆవిడ సొంత చెయ్యి ఉన్న తివాచీ లోకం మొత్తంలో ఒక్కటే ఉంది, దాని మీదేమో తహసీన్ తన చేతులతో తానే ఇంకొకరి పేరు ఒక్కటే రాసి పెట్టింది.

"మరి ఎవరిదంటే అబ్బాదన్నావేం?"

"మగ్గం ఆయనది కదా. ఎవరడిగినా అలాగే కదా చెబుతాం."

తప్పు తల్లిది కాదు. మగ్గం ఎవరిది అని అడగడం, తివాచీ ఎవరు నేశారని అడిగినట్టే అనుకోవడం, ఆ సందుల్లో అందరూ చేసే పొరపాటే. ప్రసాదరావుల్ని విడదీసి చూపించిన మనిషి, సొంత తల్లిదండ్రుల దగ్గరికొచ్చేసరికి ఇద్దరినీ ఒక పేరులో కలిపేసింది. తహసీన్‌కి తన మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

సోమవారం ఆఫీసుకెళ్ళి చూస్తే అప్పుడే ఇంకో ముప్పు కనపడింది. తివాచీల గురించి రాసే వేరే సైటు ఒకటి మ్యూజియం రికార్డు పట్టుకుని, "ఏలూరు నేతగాడు షంషుద్దీన్ ఒంటిచేత్తో నేసిన తివాచీ, నేతలో లోపం ఉంది" అని వేసేసింది. ఈ లింకుల్లో సుఖం ఎంతో కష్టమూ అంతే. నిజం ఎంత తొందరగా పాకుతుందో తప్పు కూడా అంతే తొందరగా పాకుతుంది. కేటలాగు మూసెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఒకసారి అచ్చయిందంటే అదే నిజమైపోతుంది.

ఫారూఖ్ ససేమిరా అన్నాడు. చెడ్డవాడు కాదు. అతని భయం అతనిది.

"అమ్మీ పేరు పెడితే ఏమవుతుందో ఆలోచించావా? కింద లోపం అని రాసుంది. ఆ లోపం ఎవరి వల్ల అంటే అమ్మీ వల్ల అని లోకమంతా చదువుతుంది. నలభై ఏళ్ళ క్రితం షావుకారొక్కడే అన్నాడు. నువ్విప్పుడు అందరి చేతా అనిపిస్తావా?"

సకీనా కూడా అతని పక్షమే. "వద్దమ్మా. మీ అబ్బా పేరుంది, అది చాలు నాకు. ఆ గీత నాదని నన్ను చెప్పుకోమనకు."

తహసీన్ ఆ రాత్రి వాదించలేదు. మర్నాడు ఉదయం ఆఫీసుకి సెలవు చెప్పి, తల్లి దగ్గరికొచ్చి కూర్చుంది.

"అమ్మీ, లోపం అని వాళ్ళు రాసింది వాళ్ళకి తెలియక. నువ్వు చెబితే తెలుస్తుంది. లోపం అంటే పొరపాటున పడింది. నువ్వు వేసిన ప్రతి ముడీ సరిగ్గానే ఉంది కదా? సగం తివాచీలో ఒక్కటైనా జారిందా?"

"జారడమా!" సకీనాకి చివుక్కుమంది. "నా ముళ్ళు ఒక్కటి ఊడదీసి చూపించమను ఎవరినైనా."

"అదే నేను వాళ్ళకి చెప్పాలి. చెబితే నమ్మరు. చూపించాలి."

సకీనా వెనక వరండా వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకి దోపుకుని లేచింది.

వెనక వరండాలో నమూనాలు నేసే చిన్న మగ్గం ఉంది. ఆరేళ్ళుగా దాని మీద ఆరేసిన బట్టలే తప్ప ఉన్ని ఎక్కలేదు. ఫారూఖ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. తల్లి పీట వేసుకుని మగ్గానికి ఎడమ పక్కకి జరిగి కూర్చోవడం చూశాడు. కుడి పక్కంతా ఖాళీ. లోపలికెళ్ళి నీలం ఉన్ని ఉండలు రెండు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. తర్వాత తనే వెళ్ళి కుడి పక్క కూర్చున్నాడు.

తహసీన్ ఫోన్ వీడియో పెట్టింది. ఉదయపు ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. సకీనా పోగు కుడి చేతిలోకి తీసుకుంది, అలవాటుగా. ఆగింది. ఎడమ చేతిలోకి మార్చుకుంది. మొదటి ముడి తడబడింది, రెండోది తడబడింది. మూడోదానికి నవ్వింది. ఆ తర్వాత ఇక ఆ వేళ్ళ వేగం ఫోన్‌లో పట్టుకోవడమే గొప్ప. ముప్పై తొమ్మిదేళ్ళు మాట్లాడనివ్వని చెయ్యి అది. ముడి, కోత, ముడి, కోత. అటు ఫారూఖ్ ఎంత తొందరపడినా వరసలో వెనకబడిపోతున్నాడు. "నీ వరస అయ్యేదాకా నేను పడుకుని లేవనా?" అని తల్లి ఎగతాళి చేసింది.

మధ్యాహ్నానికి జానెడు పని అయింది. పంజాతో కొట్టి, కత్తిరించి, ఎండలోకి తిప్పారు. సగం ముదురు నీలం. సగం లేత నీలం. మధ్యలో నిట్టనిలువుగా గీత.

ఫారూఖ్ వేలితో ఆ గీత మీద పైనుంచి కిందికి రాశాడు. "లోపం కాదే ఇది," అన్నాడు. "ఇద్దరున్నారని తెలుస్తోంది."

ఆ సాయంత్రం తహసీన్ చీటీ మళ్ళీ రాసింది. తల్లికి కొత్త పేజీ, కొత్త చిరునామా. రకం: మనిషి. పేరు: సకీనా. వృత్తి: తివాచీల నేత. ఎడం చేతి వాటం అని కూడా రాసింది. తివాచీ చీటీలో సృష్టికర్త అన్న చోట ఇన్నాళ్ళూ ఒక్క చిరునామాయే ఉంది. దానికి చదరపు బ్రాకెట్లు పెట్టి, కామా పెట్టి, రెండో చిరునామా చేర్చింది. అంతే మార్పు. అంత చిన్న మార్పుకి అంతసేపు కూర్చున్నది ఎందుకంటే, ఎవరి పేరు ముందు పెట్టాలో తెలియక. బెంజమిన్ గారికి ఫోన్ చేసింది.

"ఎలా పెట్టినా ఒకటేనమ్మా," అన్నారాయన. "కావాలని వరస అడిగితే తప్ప ఆ బ్రాకెట్లో ముందూ వెనకా అన్నది లేదు. మెషీన్‌కి ఇద్దరూ సమానమే."

తహసీన్‌కి ఆ సంగతి తెలియంది కాదు. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నదే. కానీ ఆ రోజు ఇంకొకరి నోట వినాలనిపించింది.

వీడియో, ఎండలో తీసిన ఫొటో, కొత్త చిరునామా అన్నీ పంపింది. ఏడు రోజులు జవాబు లేదు. ఎనిమిదో రోజు, కేటలాగు మూసేసే రోజున, పాసింజరు భీమడోలు దాటుతుండగా ఫోన్ మోగింది. మ్యూజియం ఆవిడ మెయిలు. వీడియోని వాళ్ళ తివాచీల నిపుణులు ముగ్గురు చూశారట. తివాచీని గోదాములోంచి తీయించి, భూతద్దం పెట్టి రెండు సగాల ముళ్ళూ పోల్చారట. "నలభై ఏళ్ళుగా మేము తప్పు రాసుకున్నాం, క్షమించండి" అని రాసింది. కింద మార్చిన రికార్డు ఉంది, కేటలాగులో కూడా అదే వేస్తున్నారట. "నేసినవారు: సకీనా, షంషుద్దీన్. స్థితి: చక్కగా ఉంది. మధ్య గీత: ఇద్దరు నేతగాళ్ళ పని కలిసిన చోటు, ఎడమ సగం ఎడం చేతి నేత."

బోగీలో జనం చూస్తున్నా లెక్కచేయకుండా తహసీన్ ఏడ్చేసింది. ఎదుటి సీటులో పెద్దావిడ "ఏమైందమ్మా, ఏవన్నా కబురా?" అని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

"మంచి కబురేనండీ," అంది తహసీన్. "మా అమ్మది."

సకీనా ఆ రికార్డుని టీవీలో చూసింది. చదివి వినిపించమంది. రెండోసారీ వినిపించమంది. "ఎవరి పేరు ముందుంది?" అని అడిగింది.

"నీదే. కానీ దీంట్లో ముందూ వెనకా లేదంట అమ్మీ. ఇద్దరూ సమానమేనంట."

"ఆయనకి చెబితే నవ్వేవారు," అంది సకీనా. "వరస ఎప్పుడూ నాదే ముందయ్యేది."

లోపం అని వేసిన ఆ రెండో సైటులో కూడా రెండు రోజులకి మాట మారిపోయింది. ఎవరూ వాళ్ళకి ఫోన్ చెయ్యలేదు. చీటీ చీటీని పట్టుకుని ఉంది కాబట్టి దానంతటదే మారింది. తహసీన్ అది చూసి కుర్చీలో వెనక్కి వాలి, ఆ రోజుకి ఇంకే పనీ చెయ్యలేదు. ఈ సందుల్లో ఆ చీటీ ఏమిటో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. కానీ ఇప్పుడు ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ పాత తివాచీల ఫొటోలు పట్టుకుని ఆవిడ ఇంటికొస్తున్నారు. వచ్చినవాళ్ళని తహసీన్ మగ్గం ఎవరిదని అడగదు. ఏ పక్క కూర్చున్నారని అడుగుతుంది.

మొన్న ఆదివారం బెంజమిన్ గారు భార్య విక్టోరియా టీచరుని తీసుకుని భోజనానికొచ్చారు. ఫారూఖ్ ఆ నీలం జానెడు ముక్కకి అద్దం కట్టించి ముందు గదిలో తగిలించాడు. పక్కనే మ్యూజియం తివాచీ ఫొటో కూడా. విక్టోరియా టీచరు దాని దగ్గరికెళ్ళి, పక్షుల్ని చూసి మురిసిపోయి, వెనక్కి తిరిగి అడిగింది.

"ఎంత బాగుందండీ! ఎవరిదండీ ఈ తివాచీ?"

కూర గిన్నె పట్టుకుని వస్తున్న సకీనా నడుస్తూనే అలవాటు చొప్పున అనబోయింది.

"ఆయన..."

గిన్నె బల్ల మీద పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుంది. ఫొటో దగ్గరికెళ్ళి, లేత నీలం మీద ఎడమ చెయ్యి ఆనించింది.

"మా ఇద్దరిదీనండీ," అంది. "ఎడమ పక్క నాది."